పాత కర్ణాటక సంగీత కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, వివరాలతో భద్రపరచడం, వినడం: సమగ్ర మార్గదర్శి

ఆకాశవాణి ప్రసారాల నుంచి పట్టుకున్న కచేరీలు, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో చిన్న టేప్‌రికార్డర్‌తో రికార్డు చేసుకున్న పాటలు, మిత్రుల దగ్గర కాపీ చేయించుకున్న కేసెట్లు చాలా తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ పెట్టెల్లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతి అడిగేవారు ముందుగా ఏ యంత్రం కొనాలి, టేపులో వినిపించే రొదను ఎలా తీసేయాలి అని అడుగుతారు. వీటికంటే శ్రుతి, వివరాలు ముఖ్యమని నా అభిప్రాయం. వేగం తప్పడం వల్ల శ్రుతి మారిన కచేరీలో రొద ఎంత తగ్గించినా ఆ గాయకుడి గొంతు వినబడదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పాడారో రాసిపెట్టని ఫైలు కొన్నేళ్ళకు ఇంట్లోవారికే అక్కరలేనిదవుతుంది. కింది మెట్లన్నీ ఈ ప్రాధాన్యాన్ని బట్టి అమర్చినవే.

1. యంత్రాన్ని ముట్టుకోకముందు పట్టిక తయారు చేయండి

ప్రతి కేసెట్‌కూ ఒక సంఖ్య ఇచ్చి, చిన్న స్టిక్కర్ మీద రాసి పెట్టెకూ కేసెట్‌కూ విడివిడిగా అంటించండి. ఒక కేసెట్ మరొకదాని పెట్టెలోకి చేరడం చాలా మామూలు కనుక రెండుచోట్లా సంఖ్య ఉండాలి.

తరువాత లేబుల్ రెండు వైపులనూ, లోపలి కార్డునూ, అందులో మడిచిపెట్టిన చీటీ ఏదైనా ఉంటే దాన్నీ ఫోటో తీయండి. చేతిరాతలో ఉన్నది తప్పని తోచినా ఉన్నదున్నట్టు పట్టికలో ఎక్కించి, మీ సవరణను పక్క గడిలో రాయండి. లేబుల్ మీద "కాంభోజి" అని ఉండి లోపల యదుకులకాంభోజి వినిపిస్తే, ఆ పొరపాటు కూడా ఆ కేసెట్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ఆధారం కావచ్చు.

రికార్డు చేసినవారు ఇంకా మన మధ్య ఉంటే ఈ పని మొదలుపెట్టే రోజే వారి దగ్గర కూర్చోండి. మృదంగం ఎవరిది, అది ఏ ఊరి సభ, ఆ రోజు ఆలస్యం ఎందుకైంది అన్నవి వారికి తప్ప ఎవరికీ తెలియవు.

ఏ కేసెట్లను ముందు ఎక్కించాలో ఇలా నిర్ణయించుకోండి:

- మొదట, మరెక్కడా దొరకని ప్రైవేటు కచేరీలు, ఇంట్లో జరిగిన పాటలు, గురువు చెప్పిన పాఠాలు.
- తరువాత రేడియో నుంచి రికార్డు చేసినవి.
- ఆపైన కాపీకి కాపీగా వచ్చినవి.
- చివరగా కంపెనీలు విడుదల చేసిన కేసెట్లు. ఇవి మరోచోట మంచి స్థితిలో దొరికే అవకాశం ఉంది.

2. టేపు ఆరోగ్యం చూడండి

కేసెట్‌ను వెలుతురులో పట్టుకుని కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లని పొడి, మచ్చలు ఉంటే అది బూజు. విజయవాడ, విశాఖపట్నం వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఏళ్ళ తరబడి అల్మరాలో ఉన్న కేసెట్లకు ఇది సహజంగా పడుతుంది. బూజు పట్టినదాన్ని డెక్‌లో (కేసెట్ ప్లేయర్‌లో) పెట్టవద్దు. టేపును చదివే హెడ్‌కు అంటిన బూజు తరువాతి కేసెట్లన్నిటికీ పాకుతుంది. దాన్ని విడిగా సంచిలో ఉంచి, అనుభవం ఉన్నవారి చేత శుభ్రం చేయించండి.

కేసెట్ తెరిచి ఉన్న అంచు మధ్యలో, హెడ్ తగిలేచోట, చిన్న స్పాంజి లేదా ఫెల్ట్ ముక్క ఒకటి రాగి రంగు పట్టీ మీద ఉంటుంది. అది ఊడిపోతే శబ్దం మూసుకుపోయి, హెచ్చుతగ్గులతో వస్తుంది. స్క్రూలతో బిగించిన కేసెట్ అయితే విప్పి, పాడైన మరో కేసెట్ నుంచి ఆ పట్టీ తీసి అమర్చవచ్చు. అతికించి మూసిన కేసెట్ అయితే పైపెంకు జాగ్రత్తగా పగలగొట్టి, టేపు చుట్టలను స్క్రూల పెంకులోకి మార్చాలి.

తెగిన టేపును మామూలు సెలో టేపుతో అతికించకండి. దాని జిగురు కొంతకాలానికి పక్క పొరలకు అంటుకుంటుంది. టేపు అతికించడానికే తయారైన స్ప్లైసింగ్ టేపు వాడండి.

ప్లే చేసేముందు ప్రతి కేసెట్‌కూ ఈ వరుస పాటించండి:

- పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు.
- పెన్సిలుతో వదులు లాగి చుట్ట బిగించండి.
- ఒకసారి చివరిదాకా ముందుకు, తిరిగి మొదటికి తిప్పండి. ఏళ్ళుగా ఒకే బిగువులో ఉన్న పొరలు సర్దుకుంటాయి.
- సి-120 (120 నిమిషాల) కేసెట్లలో టేపు చాలా పలుచన. వాటిని వేగంగా తిప్పకుండా, వీలైతే మామూలు వేగంలోనే ఒకసారి నడిపించండి.

3. డెక్ ఎంపిక, హెడ్ సర్దుబాటు

యు.ఎస్.బి. తీగతో నేరుగా కంప్యూటర్‌కు తగిలించే చవక ప్లేయర్లు ఈ పనికి సరిపోవు. వాటి వేగం నిలకడగా ఉండదు. తంబూర మీద ఆధారపడిన సంగీతంలో ఆ ఊగు వెంటనే తెలిసిపోతుంది. మంచి కంపెనీ పాత డెక్ ఒకటి సంపాదించి, బెల్టులు మార్పించి, వేగం సరిచేయించి వాడటం మేలు.

హెడ్‌ను, టేపును లాగే క్యాప్‌స్టన్ కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో ప్రతి నాలుగైదు కేసెట్లకు ఒకసారి తుడవండి. రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ పెట్టకుండా, తేలికపాటి సబ్బు నీటితో తుడిచి ఆరనివ్వండి.

అందరూ వదిలేసే మెట్టు అజిమత్ సర్దుబాటు. రికార్డు చేసిన యంత్రపు హెడ్ ఏ కోణంలో ఉందో, వినిపించే యంత్రపు హెడ్ కూడా అదే కోణంలో ఉంటేనే తారస్థాయి శబ్దాలు పూర్తిగా వస్తాయి. ఇళ్ళలో వాడిన టేప్‌రికార్డర్ల కోణాలు ఒకదానికొకటి కలవవు. అందుకే ఎన్నో కేసెట్లు కంబళి కప్పినట్టు మూగగా వినిపిస్తాయి, వినేవారు టేపే పాడైందనుకుంటారు.

హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూను, టేపు నడుస్తుండగా, చాలా కొద్దికొద్దిగా తిప్పండి. రెండు చానెళ్ళనూ కలిపి మోనోగా హెడ్‌ఫోన్‌లో వింటూ, తంబూర మెరుపు, హల్లుల స్పష్టత ఎక్కడ అత్యధికంగా వస్తే అక్కడ ఆపండి. ఈ పని డాల్బీ (టేపు రొద తగ్గించే అమరిక) ఆపి ఉంచినప్పుడే చేయాలి. ఆ తరువాత కూడా లేబుల్ మీద గుర్తు ఉంటేనో, డాల్బీతోనే రికార్డు చేశారని తెలిస్తేనో తప్ప డాల్బీ వేయవద్దు.

4. కనెక్షన్, స్థాయి

డెక్ వెనక ఉన్న లైన్ అవుట్ నుంచి యు.ఎస్.బి. ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) లైన్ ఇన్‌కు తీగ వేయండి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెట్టవద్దు. రికార్డు చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే గుమ్మనే విద్యుత్ శబ్దం చాలావరకు పోతుంది.

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. గంట స్టీరియో శబ్దానికి సుమారు ఒక జీబీ అవుతుంది. అంటే వంద సి-90 కేసెట్లకు 150 జీబీ. ఈ రోజుల్లో అది పెద్ద భారం కాదు.

స్థాయి పెట్టడంలో కర్ణాటక కచేరీకి ఒక ప్రత్యేకత ఉంది. కచేరీ మొదట్లో వర్ణం పాడుతుండగా స్థాయి పెట్టుకుంటే, తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వచ్చేసరికి మృదంగం దెబ్బలు హద్దు దాటి చిట్లిపోతాయి. కాబట్టి ముందుగా టేపును తని ఆవర్తనం దాకా నడిపి, అక్కడి అత్యధిక దెబ్బ మైనస్ 6 డెసిబెల్స్ మించకుండా పెట్టండి. 24 బిట్‌లో స్థాయి కొంచెం తక్కువగా ఉన్నా నష్టం లేదు. చిట్లిన శబ్దాన్ని మాత్రం తిరిగి తేలేము.

5. ఎక్కించడం

ఒక వైపును మొదటినుంచి చివరిదాకా ఒకే ఫైలుగా ఎక్కించండి. పాటల మధ్య ఆపకండి. చప్పట్లు, నిర్వాహకుల ప్రకటన, గాయకుడు పక్కవాద్యం వారితో అన్న మాట అన్నీ ఉండనివ్వండి. కచేరీ ఏదో తేల్చే ఆధారం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఆ ఫైలును ఫ్లాక్ రూపంలో భద్రపరచండి. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా పరిమాణం తగ్గుతుంది. ఇది మూలప్రతి. ఇకమీదట చేసే మార్పులన్నీ దీని కాపీ మీదే చేయాలి. మూలప్రతిని మళ్ళీ తెరిచి భద్రపరచే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు.

రెండు చానెళ్ళలోనూ ఒకే మోనో శబ్దం ఉన్న టేపులే ఎక్కువ. వాటిని కలిపేస్తే మంచిదనిపిస్తుంది గాని, రెండింటి మధ్య సూక్ష్మమైన కాలభేదం ఉంటే కలిపినప్పుడు గొంతు బోలుగా మారుతుంది. రెండిటినీ విడివిడిగా విని, మంచిగా ఉన్న చానెల్‌నే వినే ప్రతికి వాడండి.

6. శ్రుతి సరిచేయడం

ఈ మెట్టు మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. టేప్‌రికార్డర్ల వేగాలు ఒకేలా ఉండవు. వేగం సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి అరమెట్టు పెరుగుతుంది, అంటే ఒకటిన్నర శ్రుతిలో పాడినది రెండు శ్రుతిలో వినిపిస్తుంది. గమకాలు తొందరపడతాయి, గొంతు సన్నబడుతుంది, మృదంగం తోలు బిగిసినట్టుంటుంది.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని తంబూర షడ్జం (స) ఎక్కడుందో చూడండి. యాప్ చూపే ‘సి’ మన ఒకటి శ్రుతి, ‘సి షార్ప్’ ఒకటిన్నర, ‘డి’ రెండు, ‘జి’ ఐదు, ‘ఎ’ ఆరు. పురుష గాత్రం సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల పరిసరాల్లోనూ, స్త్రీ గాత్రం ఐదు, ఆరు శ్రుతుల పరిసరాల్లోనూ ఉంటుంది. పురుష గాయకుడి కచేరీ మూడు శ్రుతిలో వినిపిస్తే అనుమానించాలి.

అసలు శ్రుతి తేల్చడానికి నాలుగు ఆధారాలు వాడండి:

- అదే కళాకారుడు అదే కాలంలో పాడిన, కంపెనీ విడుదల చేసిన రికార్డు. వయసుతో శ్రుతి తగ్గుతుంది కనుక కాలం దగ్గరగా ఉండాలి.
- టేపులో ఉన్న మాటలు. ప్రకటన చేసేవారి గొంతు సహజంగా ఉందా అన్నది చెవికి వెంటనే తెలుస్తుంది.
- రికార్డు చేసినప్పుడే టేపులో పడిన విద్యుత్ గుమ్మనడం. మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి, 53 దగ్గర కనిపిస్తే టేపు వేగంగా నడుస్తోంది. అప్పట్లో సరఫరా ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది కాదు కనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. మీ డెక్ నుంచి వచ్చే గుమ్మనడాన్ని దీనితో పొరబడకండి.
- ఒకే కచేరీకి మరొకరి దగ్గర ఉన్న ప్రతి.

సరిచేసేటప్పుడు వేగమూ శ్రుతీ కలిసి మారే ఆదేశం వాడాలి. శ్రుతిని మాత్రమే మార్చే ఆదేశం వాడితే కాలప్రమాణం తప్పుగానే మిగిలిపోతుంది. రెండు శ్రుతిలో వినిపిస్తున్నదాన్ని ఒకటిన్నరకు తేవాలంటే వేగాన్ని సుమారు 5.6 శాతం తగ్గించాలి.

ప్రతి వైపుకూ మొదట, మధ్యలో, చివర మూడుచోట్ల కొలవండి. బ్యాటరీలతో రికార్డు చేసినప్పుడు అవి నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా నడిచింది కనుక, ఇప్పుడు వినేటప్పుడు శ్రుతి క్రమంగా పైకి పోతుంది. అలాంటి టేపును ముక్కలుగా కొలిచి, క్రమంగా మారే సవరణ ఇవ్వాలి.

తంబూరను ఎవరూ పియానోకు కట్టి శ్రుతి చేయరు. ట్యూనర్ 20, 30 సెంట్ల (సెంటు అంటే అరమెట్టులో నూరోవంతు) తేడా చూపిస్తే దాన్ని దగ్గరి మెట్టుకు లాగే ప్రయత్నం చేయకండి. తగిన ఆధారం లేకపోతే ఉన్నదున్నట్టు వదిలి, "శ్రుతి నిర్ధారణ కాలేదు" అని పట్టికలో రాయండి. అలాగే 78 వేగపు గ్రామఫోన్ రికార్డుల్లో పాట చురుకుగా సాగితే వెంటనే దోషమనుకోవద్దు. ఒక వైపున మూడు నిమిషాల చిల్లరే పట్టేది కనుక కళాకారులే అలా కుదించి పాడేవారు.

7. పాటలుగా విడగొట్టడం

నిశ్శబ్దాన్ని గుర్తించి పాటలను తనంతట తాను విడగొట్టే సదుపాయం ఇక్కడ పనిచేయదు. పాట ముగిసినా తంబూర ఆగదు. చెవితో విని గుర్తులు పెట్టుకోవాలి.

రాగాలాపన, వయొలిన్ ఆలాపన, కృతి, నెరవు (ఒక పంక్తిని రాగంలో రకరకాలుగా విస్తరించడం), కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), తని ఆవర్తనం అన్నీ కలిపి ఒకే ఫైలుగా ఉంచండి. వాటిని ముక్కలు చేస్తే ఆ అంశం నడక తెలియదు. చప్పట్లు ముందు పాట చివర ఉండాలి. తరువాతి పాటకు ముందు శ్రుతి చూసుకునే క్షణాలు ఆ పాటతోనే పోవాలి.

ఆలాపన మధ్యలో కేసెట్ వైపు మారిన చోట రెండు భాగాలనూ కలపండి, కానీ తెగిన చోటును కప్పిపుచ్చకండి. చిన్న విరామం ఉంచి, పట్టికలో ఎన్నో నిమిషం దగ్గర తెగిందో రాయండి.

8. వివరాలు రాయడం

ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి, సంవత్సరం, నెల, రోజు వరుసలో. అలా ఉంటే కాలక్రమం తనంతట అదే వస్తుంది. తేదీ తెలియకపోతే "1970ల ప్రాంతం" అని రాయవచ్చు, ఊహించిన తేదీ మాత్రం వేయకండి.

ప్రతి అంశానికీ పట్టికలో ఉండవలసినవి:

- ప్రధాన కళాకారులు, పక్కవాద్యాలు ఒక్కొక్కటీ విడిగా
- స్థలం, సందర్భం, తేదీ
- కృతి పల్లవి మొదటి మాటలు, రాగం, తాళం, వాగ్గేయకారులు
- నెరవు ఏ పంక్తికి, కల్పనస్వరాలు ఉన్నాయా, తని ఆవర్తనం ఉందా
- కేసెట్ సంఖ్య, వైపు, ఎవరి దగ్గరనుంచి వచ్చింది, చేసిన వేగ సవరణ ఎంత

పల్లవి మొదటి మాట ఒక్కటే రాస్తే గందరగోళం తప్పదు. "నగుమోము" అని రాస్తే అది ఆభేరిలోని "నగుమోము గనలేని" కావచ్చు, మధ్యమావతిలోని "నగుమోము గలవాని" కావచ్చు. "శ్రీ రఘువర" అంటే కాంభోజిలోని "అప్రమేయ"నా, భైరవిలోని "సుగుణాలయ"నా? కనీసం మూడు మాటలు రాయండి.

రాగాల పేర్లకు ఒకే రూపం నిర్ణయించుకుని చివరిదాకా పాటించండి. తోడి, హనుమతోడి, జనతోడి అని మూడు రకాలుగా రాస్తే వెతికినప్పుడు మూడోవంతు పాటలే దొరుకుతాయి. కల్యాణి, కళ్యాణి విషయమూ అంతే.

గుర్తుపట్టలేని కృతి ఎదురైతే చరణం చివర వచ్చే ముద్ర, అంటే రచయిత సంతకంలాంటి మాట, వినండి. "త్యాగరాజ" అందరికీ తెలుసు. "గురుగుహ" ముత్తుస్వామి దీక్షితులది, "శ్యామకృష్ణ" శ్యామశాస్త్రిది, "మువ్వగోపాల" క్షేత్రయ్యది, "పద్మనాభ" స్వాతి తిరునాళ్‌ది. గాయకులు కొన్నిసార్లు అనుపల్లవితో ఎత్తుకుంటారు కనుక మొదట వినిపించిన మాటనే పల్లవి అనుకోవద్దు.

అన్నమాచార్య కీర్తనలకు మరో గడి కావాలి: స్వరపరచినవారు. రాగిరేకుల మీద రాగం పేరు ఉన్నా, మనం నేడు వినే బాణీల్లో చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు ఇటీవలి కాలంలో కూర్చినవి. ఒకే కీర్తన రెండు రాగాల్లో ఉండవచ్చు. పుస్తకం చూసి రాగం రాయకుండా, విన్న రాగమే రాయండి.

9. రొద తగ్గించడం

దీన్ని ఇంత చివర పెట్టడానికి కారణం ఉంది. రొద తగ్గించే సాధనం ఎక్కడో ఒక ‘ఖాళీ’ చోటును నమూనాగా అడుగుతుంది. కచేరీలో ఖాళీ అనిపించే చోట కూడా తంబూర మోగుతూనే ఉంటుంది కాబట్టి సాధనం తంబూరనే రొదగా లెక్కగట్టి కచేరీ అంతటా కోసేస్తుంది. మృదంగం నాదం తోక తెగి, పొడి దెబ్బ మాత్రం మిగులుతుంది.

నమూనా తీసుకోవాలంటే రికార్డింగ్ మొదలయ్యేముందు, తంబూర ఇంకా వినబడని రెండు మూడు సెకన్ల టేపు మాత్రమే వాడండి. 6 డెసిబెల్స్ మించి తగ్గించకండి. తీసేసిన రొదను మాత్రమే విడిగా వినే సదుపాయం ఉంటే విని, అందులో గొంతుగాని తంబూరగాని వినబడితే వెనక్కి వెళ్ళండి. సందేహం ఉంటే రొదను వదిలేయడమే మంచిది. కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోదు.

10. భద్రత, పంచుకోవడం

మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్ళో లేదా వేరే ఇంట్లో. సీడీల మీద రాసి ఊరుకోవద్దు. హార్డ్‌డిస్కులను ఏడాదికోసారి తెరిచి చూడండి. పట్టికను కూడా ఫైళ్ళతోపాటే ఉంచండి, ఒక ప్రతి కాగితం మీద అచ్చు తీయండి. కేసెట్లు పారేయవద్దు. రేపు మరింత మంచి డెక్ దొరకవచ్చు.

ఇతరులకు ఇచ్చేముందు చట్టం గుర్తుంచుకోండి. మన దేశంలో విడుదలైన రికార్డుకు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. కచేరీ చేసిన కళాకారుడికి ప్రదర్శకుడిగా 50 ఏళ్ళ హక్కు వేరే ఉంది. ప్రైవేటు కచేరీని బహిరంగంగా పెట్టేముందు కళాకారుడినో, వారి కుటుంబాన్నో అడగడం చట్టంతోపాటు మర్యాద కూడా.

11. వినడం

మొదటిసారి పట్టిక ముందు పెట్టుకుని, హెడ్‌ఫోన్‌తో, తప్పులు దిద్దడానికి వినండి. రెండోసారి పట్టిక మూసేసి స్పీకర్లలో వినండి. తంబూర లీలగా వినబడేటంత స్థాయి చాలు. పాటలను కలగాపులగంగా వినిపించే సదుపాయం ఆపేసి, వర్ణం నుంచి మంగళం దాకా కచేరీని దాని వరుసలోనే వినండి. ప్రధాన కృతికి ముందు చిన్న కృతులు ఎందుకు వచ్చాయో అప్పుడే అర్థమవుతుంది.

చేత్తో తాళం వేస్తూ వినండి. పాట ఎత్తుగడ తాళంలో ఎక్కడ పడుతోందో పట్టుకోగలిగితే కల్పనస్వరాలు ఎక్కడికి చేరుతున్నాయో ముందే తెలుస్తుంది. తని ఆవర్తనంలో తాళం తప్పితే ఆపకండి. చివరి ముక్తాయింపు మూడుసార్లు వచ్చి పాట అందుకునేచోట మళ్ళీ కలవవచ్చు.

సేకరణ కాస్త పెరిగాక గురుశిష్యులను పక్కపక్కన పెట్టి వినడం అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది. శ్రీపాద పినాకపాణి పాడిన కృతిని ముందు విని, తరువాత ఆయన శిష్యులు నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు పాడినది వినండి. ఒకే పాఠాంతరంలో (గురువు నుంచి వచ్చిన పాట రూపంలో) ఏ సంగతి (పంక్తిని మార్చి పాడే తీరు) అలాగే నిలిచింది, ఏది ఎవరి చేతిలో కొత్త దారి పట్టింది అన్నది రాసుకోండి. వీణలో ఈమని శంకరశాస్త్రిని, ఆయన శిష్యుడు చిట్టిబాబును ఇలాగే వినవచ్చు. ఈ పోలిక నిలవాలంటే రెండు రికార్డుల వేగమూ సరైనదై ఉండాలి. రెంటిలో ఒకటి అనుమానంగా తోస్తే పోలిక ఆపి, ముందు ఆరో మెట్టు పూర్తిచేసి రండి.